కోట వాకిట్లో నా చెప్పులు

మీరు ఇంతవరకు సినిమాల్లోనో టీవీలోనో చూసిన రాజుల్లో ఒక్కడైనా పన్ను వసూలు చేస్తూ కనిపించాడా?

తొందరేమీ లేదు, గుర్తు చేసుకోండి. దానం చేసే రాజు కనిపించి ఉంటాడు. గుర్రం మీద స్లో మోషన్‌లో వచ్చే రాజు, వాన కోసం యజ్ఞం చేసే రాజు, అంతఃపురంలో ఇద్దరు రాణుల మధ్య నలిగిపోయే రాజు కనిపించి ఉంటారు. గాదెలోకి గింజలు తోలించుకునే రాజు మాత్రం కనిపించడు. ఆ బంగారు సింహాసనం ఎవరి రాగిసంగటి ముద్ద తగ్గించి చేయించారో తెర మీద ఎవరూ అడగరు. జనానికి ఇచ్చే పని ఒక్కటే. జయము జయము మహారాజా అనడం, వంగి వెనక్కి నడవడం.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నేను దయ్యాలను నమ్మను. ఆ రోజుకు ముందు నమ్మలేదు, ఇవాళా నమ్మను. మదనపల్లెలో పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. పూనకాల మీద, చేతబడి మీద, గాలిలోంచి విభూతి తీసే బాబాల మీద ఊరూరా సభలు పెట్టినవాణ్ణి. నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించినవాణ్ణి. ఒకసారి కూడలిలో దిష్టి తీసి పడేసిన నిమ్మకాయలు ఏరుకొచ్చి అక్క ఇంట్లో అందరి ముందూ షర్బత్ చేసుకుని తాగాను. ఆ గ్లాసును మా అక్క ఇప్పటికీ విడిగా పెడుతుంది.

కాబట్టి దీన్ని దయ్యం కథగా చదవొద్దు. జరిగింది జరిగినట్టు పెడుతున్నాను. నాకు అర్థం కానిచోట అర్థం కాలేదనే రాస్తాను.

పుంగనూరు దాటి కుప్పం బస్సు పోయే రోడ్డు మీద, ఒక మలుపులో, పొలాలకు అవతల ఒక రాతి వాకిలి కనిపిస్తుంది. ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళు రాయొద్దన్నారు. ఒకప్పుడు అది ఒక చిన్న పాలెం దొర కోట. కోట అంటే మీరు తెర మీద చూసినట్టు ఊహించుకోవద్దు. మట్టిగోడ, నాలుగు గదులు, గింజల కొట్టు, గుర్రాల పాక. మా వైపు రాజులకు అంతకంటే ఎక్కువ ఉండేది కాదు. వానలు లేని నేల, ఎంత పిండినా అంతే వస్తుంది. గోడలు ఎప్పుడో కరిగిపోయాయి. రెండు రాతి స్తంభాలు, వాటి మీద ఒక అడ్డరాయి, అంతే మిగిలింది.

అది మా అవ్వ పుట్టింటివాళ్ళ పాత ఊరు. అవ్వ వాళ్ళ తాత గంగప్ప మేకలు కాసుకునేవాడు. ఆ వాకిలి ముందు నుంచి పోయేవాళ్ళు ఎవరైనా చెప్పులు విప్పి పోవాలనేది దొర కట్టుబాటు. గంగప్ప ఒక రోజు చెప్పులు కాళ్ళకు ఉండగానే దాటాడు. దొర మనుషులు పట్టుకుని, ఆ చెప్పులే ఆయన నెత్తి మీద పెట్టి, ఊరంతా తిప్పారు. ఆ తర్వాత ఆయన మేకలు తోలుకుని బి.కొత్తకోట వైపు వచ్చేశాడు. మేమంతా ఆ వలస వచ్చిన ఇంటి పిల్లలం.

మా ఇంట్లో దీన్ని పౌరుషం కథగా చెప్పుకుంటారు. దొరకు ఎదురు తిరిగిన మనిషి మన వంశంలో పుట్టాడని పెళ్ళిళ్ళలో కొత్త చుట్టాలకు కూడా చెబుతారు. నా ఉపన్యాసాల్లో నేనూ చాలాసార్లు చెప్పాను. ధిక్కారం అనే మాట దగ్గర చప్పట్లు పడేవి.

ఇక మా బావ మునెప్ప. అక్క మొగుడు. కొంచెం టమోటా, నాలుగు ఆవులు. మా వైపు ఎండాకాలంలో భారతం ఆడతారని మీకు తెలిసే ఉంటుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. ఆఖరి రోజు పొద్దున మైదానంలో బంకమట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి పడుకోబెడతారు. వేషగాళ్ళు దాని చుట్టూ తిరిగి తిరిగి యుద్ధం చేస్తారు, భీముడు తొడ పగలగొడతాడు. దుర్యోధనుడి వేషం ఎప్పుడూ మా బావదే. ఆ గొంతు రెండు పొలాల అవతలికి వినిపిస్తుంది.

ఆ వేషానికి ఒక పద్ధతి ఉంది. కిరీటం కట్టాక ఆ మనిషిని ఎవరూ పేరు పెట్టి, వరస పెట్టి పిలవకూడదు. పెళ్ళాం కూడా పిలవదు. ఆట ముగిసేదాకా ఆయన దాన్ని తన చేత్తో తీయకూడదు. చెమట కళ్ళలోకి కారినా సరే. బావ ఈ పద్ధతి ఎన్నడూ తప్పలేదు. నేను దీన్ని చాలాసార్లు వెక్కిరించాను. అట్ట కిరీటానికి ఇంత భక్తి ఏమిటని.

ఒక ఏడాది హైదరాబాదు నుంచి ఒక సీరియల్ వాళ్ళు వచ్చారు. మా పాలెం దొర మీదే తీస్తున్నారు, ఫోన్లలో టీవీల్లో చూసుకునే రకం. వాళ్ళు మైదానంలో బావను చూసి, గొంతు విని, ముసలి దొర వేషానికి మాట్లాడుకుని పోయారు. బావ వారం రోజులు నేల మీద నడవలేదు. అక్క ఆయన్ను వదల్లేదు.

"నువ్వు రాజైతే పేడ ఎవురెత్తేది? సింహాసనం కింద పార ఒకటి పెట్టుకోప్పా," అంది.

నాకు నవ్వు రాలేదు. బావ తెచ్చిన కాగితాల్లో ఆయన ఘట్టం చదివాను. కరువు. దొర తన నగలు అమ్మి, కాళ్ళు కాలుతున్న పల్లె జనానికి చెప్పులు కుట్టించి ఇస్తాడు. జనం కొత్త చెప్పులతో కోట వాకిలి దాటి వచ్చి దండం పెడతారు. దొర లేచి, మీరు నా బిడ్డలు అంటాడు.

అదే వాకిలి. అవే చెప్పులు. ఆ ఆలోచన వాళ్ళకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఊరివాళ్ళు ఎవరూ చెప్పలేదన్నారు.

బావను మానుకోమన్నాను. గంగప్పను నెత్తిన చెప్పులతో తిప్పిన దొరను, గంగప్ప ఇంటి అల్లుడే దేవుణ్ణి చేస్తాడా అని అడిగాను. గొంతు పెంచానని ఒప్పుకుంటాను. బావ పెంచలేదు.

"ముప్పై ఏండ్లుగా తొడ ఇరగ్గొట్టించుకోని సస్తాండా, బామ్మర్దీ. ఒక్కసారన్నా బతికుండే రాజును ఏస్తా. నీకు యాల అంత కడుపుమంట?"

ఆయన కోరింది డబ్బు కాదు, పేరూ కాదు. ఒక్కసారి సభలోకి వచ్చి, కూర్చుని, చావకుండా లేవాలి. అంతే కోరాడు. మూడు నెలలు మాటలు లేవు మాకు. షూటింగ్ రోజు మాత్రం నేను వెళ్ళాను. డైరెక్టర్‌తో మాట్లాడి ఆ ఘట్టం మార్పించాలని వెళ్ళాను.

మంచి ఎండ. పగటి వెలుతురు గురించి ఎందుకు చెబుతున్నానంటే, చీకట్లో ఏదో చూసి భ్రమపడ్డావని కొందరు అన్నారు. పొద్దున పదకొండు దాటిన ఎండలో భ్రమపడేంత నీడ కూడా లేదక్కడ.

రాతి వాకిలికి ప్లైవుడ్ బిగించి బంగారు రంగు కొట్టారు. లోపల గింజల కొట్టు ఉండిన చోట సింహాసనం. పట్టు పరుపు, సింహం తలలు. బావ కిరీటం కట్టుకుని అందులో కూర్చుని ఉన్నాడు. నేను దగ్గరకు పోయి బావా అన్నాను. తల తిప్పలేదు. పద్ధతి గుర్తొచ్చి వెనక్కి వచ్చాను.

డైరెక్టర్ మర్యాదస్తుడు. నా మాటలన్నీ విన్నాడు. చరిత్ర వేరు, కథ వేరు అన్నాడు. జనం కళ్ళకు కాస్త మంచి రాజును చూపిస్తే తప్పేముంది సార్ అన్నాడు. తప్పేముందో నేను చెప్పేలోపు జనాన్ని పిలిచారు.

గుంపు కోసం చుట్టుపక్కల పల్లెల నుంచి రైతులను, పశువులు మేపుకునేవాళ్ళను తెచ్చారు. కుప్పం వైపు నుంచి ఒక టెంపో నిండా వచ్చారు. వాళ్ళలో కొందరు తమిళం, కొందరు కన్నడం కలిపి మాట్లాడుతున్నారు. అందరికీ కొత్త తోలు చెప్పులు ఇచ్చారు. కెమెరా ఒకటి నేలకు ఆనించి పెట్టారు. కొత్త చెప్పులు వేసుకున్న కాళ్ళు వాకిలి దాటడం దగ్గరగా చూపించాలి, అదే ఆ ఘట్టానికి ప్రాణం.

యాక్షన్ అన్నారు. జనం నడిచారు. కట్ అన్నారు.

వాకిలి ముందుకు రాగానే అందరూ చెప్పులు విప్పేశారు. విప్పి, రెండు చెప్పుల అడుగులూ ఒకదానికొకటి ఆనించి, ఎడమ చంకలో పెట్టుకున్నారు. కుడి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. గోడ పక్కగా ఒక్కొక్కరే వచ్చారు. గోడ అంటున్నాను, అక్కడ ఇప్పుడు గోడ లేదు.

డైరెక్టర్ మళ్ళీ వివరంగా చెప్పాడు. చెప్పులు తీయకూడదు, తలెత్తి నవ్వుతూ రావాలి. అందరూ తలలూపారు. మళ్ళీ నడిచారు. మళ్ళీ అదే. మైకులో అరిచాడు. ముందు వరుసలో ఒక పడుచామె, కుప్పం టెంపోలో వచ్చినామె, తన చంకలోని చెప్పులు చూసుకుని నిజంగా బిత్తరపోయింది.

"నేను యాడ ఇప్పినా? కాళ్ళకే ఉండాయి గదా అనుకుంటా వస్తాండా," అంది.

నాకు ఆ క్షణంలో భయం వేయలేదు. చెప్పాలంటే ఉత్సాహం వచ్చింది. ఇంతకంటే మంచి పాఠం దొరకదనిపించింది. డైరెక్టర్‌కు అక్కడే చిన్న ఉపన్యాసం ఇచ్చాను. రాతి వాకిలి గుడిలా ఉంది, గుడి ముందు చెప్పులు విప్పడం ఒంటికి పట్టిన అలవాటు. ఒకరు విప్పితే మిగతావాళ్ళు అనుకోకుండానే విప్పుతారు. లోబడటం నేర్పితే వచ్చిందే, దాన్ని మాన్పించవచ్చు. నన్ను ముందు నడవనివ్వండి, నన్ను చూసి వాళ్ళూ వస్తారు అన్నాను.

పంచె, తలగుడ్డ ఇచ్చారు. చెప్పులు ఇచ్చారు. ఎడమ చెప్పు పట్టీ కొంచెం బిగుతుగా ఉంది.

నాకు గుర్తున్నది ఇది. యాక్షన్ అన్నారు. నేను నిదానంగా, తలెత్తుకుని నడిచాను. వాకిలి కింద రాయి చెప్పు అడుగున తగిలింది. పట్టీ వేలిని నొక్కుతూనే ఉంది. బావ ముఖం ఎదురుగా కనిపిస్తూ ఉంది. సింహాసనం ముందు ఆగాను. గంగప్ప చేసిన పనినే ఇన్నేళ్ళ తర్వాత అదే చోట నేనూ చేశాను అనుకున్నాను. గర్వపడ్డాను. ఇదంతా నేను ప్రమాణం చేసి చెప్పగలను.

కట్ అని ఎవరూ అనలేదు. తల తిప్పి చూస్తే అందరూ నన్నే చూస్తున్నారు.

నా చంకలో ఏదో గరుగ్గా తగిలింది. చెప్పులు.

డైరెక్టర్ నన్ను పిలిచి తెర మీద చూపించాడు. నేను అడిగి మూడుసార్లు వేయించుకున్నాను. అందులో నేను నడవడం లేదు. పరుగెత్తుకొస్తున్నాను. వెనక నుంచి ఎవరో తరుముతుంటే వచ్చే పరుగు కాదు, ముందు ఎవరినో అందుకోవాలని వచ్చే పరుగు. చెప్పులతోనే వాకిలి దాటాను. దాటిన నాలుగు అడుగులకు, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు ఠక్కున ఆగాను. కాళ్ళ వైపు చూసుకున్నాను. కూలబడినట్టు వంగి చెప్పులు లాగేసుకున్నాను. చంకలో పెట్టుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వంగి వంగి సింహాసనం దాకా వచ్చాను.

ఆ ముఖంలో ఉన్న భయం నా ముఖం మీద నేను ఎప్పుడూ చూడలేదు. నా భార్య ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో కూడా చూడలేదు.

కాళ్ళు చూసుకున్నాను. పాదాల నిండా ఎర్రమట్టి. చెప్పులకు లోపలివైపు మట్టి లేదు.

అప్పుడు బావ లేచాడు. రెండో కెమెరా ఇంకా నడుస్తూనే ఉంది. ఆయన తన రెండు చేతులతో కిరీటం ముడి విప్పుకుని, దాన్ని పట్టు పరుపు మీద పెట్టాడు. ఆట ముగియకుండా తన చేత్తో కిరీటం తీయడం ఆయన జీవితంలో అదే మొదలు. మెట్లు దిగి నా దగ్గరకు వచ్చాడు. నా చంకలోంచి చెప్పులు తీసుకుని, నగలన్నీ గలగలలాడుతుండగా నేల మీద కూర్చుని, నా కాళ్ళ ముందు పెట్టాడు.

"ఏసుకో బామ్మర్దీ," అన్నాడు.

డైరెక్టర్‌కు ఆ దృశ్యం బాగా నచ్చింది. దొర స్వయంగా చెప్పులు తొడిగినట్టు తీద్దామన్నాడు. బావ వినలేదు. నగలు ఒక్కొక్కటే తీసి ఇచ్చేశాడు. ఆ కుర్చీలో ఇంక కూర్చోనన్నాడు. ఎందుకని ఎంతమంది అడిగినా చెప్పలేదు.

సాయంత్రం వాళ్ళ ఇంటి ముందు, అక్క ఆవుల పాలు పిండుతుండగా, నాకు చెప్పాడు.

"నువ్వు నన్ను దొరా అన్యావు."

నేను నోరు తెరవలేదన్నాను.

"చెయ్యి అడ్డం పెట్టుకోని అన్యావు. దొరా, బిడ్డ సచ్చిపోతాండాది, మందుకు పోతా ఇప్పేది మర్సిపోయినా అన్యావు. నేను ఇన్యాను."

అక్క పొదుగు మీద చెయ్యి ఆపేసింది. తర్వాత, ఎవరితోనూ కాదన్నట్టు, అవ్వ సంగతి చెప్పింది. కుప్పంలో పెళ్ళిళ్ళకు పోయేటప్పుడు, ఆ మలుపు రాగానే అవ్వ బస్సులో కూర్చున్నచోటే చెప్పులు విప్పి ఒడిలో పెట్టుకునేదట. మలుపు దాటాక వేసుకునేదట. చెప్పులు పోతాయని భయమేమో అని మా అక్క నవ్వేదట. అవ్వను ఎవరూ అడగలేదు.

గంగప్పకు చనిపోయిన బిడ్డ ఉందో లేదో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. సింహాసనం దగ్గర దాచి పెట్టిన మైకులో రికార్డయింది తర్వాత అడిగి విన్నాను. ఊపిరి వినిపిస్తుంది. ఆయాసపడుతున్న మనిషి ఊపిరి. దాని కింద మాట ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు.

నేను హేతువాదిని, కాబట్టి లెక్కలన్నీ వేశాను. ఎండ. కడుపులో కాఫీ తప్ప ఏమీ లేదు. చిన్నప్పటి నుంచి విన్న కథ. నా ముందు జనం చేసింది చూసి నేనూ చేసి ఉంటాను. ఇదే ఇంకొకరికి జరిగి ఉంటే వేదిక మీద ధీమాగా చెప్పేవాణ్ణి, జనం ఒప్పుకునేవాళ్ళు. కానీ కుప్పం టెంపోలో వచ్చినవాళ్ళు మా కథ ఎక్కడ విన్నారు? చెప్పులు చంకలో ఎలా పెట్టుకోవాలో మా ఇంటి కథలోనే లేదు. మతి చెదిరినవాడు తలెత్తుకుని నడిచాను అనుకుంటాడా? బావ అబద్ధమాడాడనుకుందామా? ఆయన ఎంతో కోరి తెచ్చుకున్న వేషాన్ని పోగొట్టుకోవడానికి అబద్ధమెందుకు?

నాకు తెలియదు. ఈ రెండు మాటలు రాయడానికి చాలా కాలం పట్టింది. దయ్యం అనే మాటతో మీరు దీన్ని మూసేస్తే ఊరుకోను. ఆ మాట వివరణ కాదు, ఆలోచన ఆపేయడానికి వేసే గడియ. కానీ నా దగ్గర వేరే మాట కూడా లేదు.

నన్ను అంతకంటే ఎక్కువ తొలిచింది ఇంకొకటి. వాళ్ళు దొరను దేవుణ్ణి చేస్తున్నారని నేను పోట్లాటకు పోయాను. మేము గంగప్పను వీరుణ్ణి చేసి పెట్టుకున్నాం. బావ విన్నది నిజమైతే ఆయన వీరుడు కాదు. చచ్చిపోతున్న బిడ్డ కోసం పరుగెత్తుతున్న తండ్రి. చెప్పులు విప్పాలనే సంగతి మర్చిపోయాడు, అంతే. తెర మీద రాజులకైనా, ఇంట్లో మా పెద్దలకైనా, మనం మొదట పీకేసేది మామూలు మనిషి భయాన్నే.

సీరియల్ వచ్చింది. ముసలి దొరగా వేరే ఆయన వేశాడు. వాకిలిని హైదరాబాదులో అట్టతో కట్టుకున్నారట. జనం కొత్త చెప్పులతో నవ్వుతూ వస్తారు. మొన్న పుంగనూరు బస్టాండు దగ్గర టీ హోటల్లో పెద్ద టీవీలో అది నడుస్తోంది. దొర సభలోకి వచ్చాడు. హోటల్లో మాటలు ఆగిపోయాయి. బెంచీల కింద చూశాను. అందరి పాదాలూ చెప్పుల్లోంచి బయటికి వచ్చి నేల మీద ఉన్నాయి. కూర్చున్నప్పుడు అందరం అలాగే చేస్తాం, మామూలు సంగతే. నాకు తెలుసు. టీ సగంలో వదిలేసి వచ్చేశాను.

ఈ ఎండాకాలం కూడా బావ దుర్యోధనుడై చచ్చాడు. ఎప్పటికంటే బాగా చేశాడన్నారు.

మీతో ఒక పని ఉంది. ఇవాళ మీ ఇంట్లో ఆ సీరియల్ పెట్టినప్పుడు రాజు వైపు చూడకండి. జయజయ అంటున్న గుంపులో అందరికంటే వెనకున్న మనిషిని చూడండి. వాడికి ఇంటి దగ్గర ఏం జరుగుతోందో ఆలోచించండి. తర్వాత టీవీ ఆపేయండి. మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, మనవాళ్ళు దొర వాకిలి ముందు ఎలా నడిచేవాళ్ళో అడగండి. పౌరుషం కథ చెబితే అక్కడితో ఊరుకోవద్దు. ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో చెప్పమనండి. రేపు కాదు, ఇవాళే. మా ఇంట్లో అడగడానికి ఎవరూ మిగల్లేదు. మీ ఇంట్లో ఇంకా ఉన్నారు. లేచి పోయి అడగండి.